సహజవాయు పైప్‌లైన్లు – భూ వినియోగ హక్కు: వికారాబాద్, తాండూరు ప్రాంతాలకు సంబంధించిన ముఖ్యాంశాలు

(నేపథ్య వ్యాసం – పాత్రికేయులు, అధికారుల సమాచార నిమిత్తం)

తూర్పు తీరంలోని కాకినాడ నుండి పడమటి రాష్ట్రమైన గుజరాత్‌లోని భరూచ్ వరకు భూగర్భంలో సాగుతున్న సహజవాయు పైప్‌లైన్ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్ర, గుజరాత్ రాష్ట్రాలను ఒకే మార్గంతో అనుసంధానించినది. ఇటువంటి మార్గాలు వేలాది రైతుల పొలాల అడుగు నుండి వెళ్లుచున్నవి. పైప్‌లైన్ కొరకు ప్రభుత్వం భూమిని స్వాధీనం చేసుకొనదు. పట్టా రైతు పేరిటనే ఉండును, సాగు రైతే చేసుకొనును. అయితే ఆ భూమిలో బావి త్రవ్వుటకు, ఇల్లు కట్టుటకు, చెట్టు నాటుటకు మాత్రం శాశ్వతంగా వీలుండదు. ఈ వ్యత్యాసాన్ని రైతు, కొనుగోలుదారు, గ్రామస్థాయి అధికారి సకాలంలో తెలిసికొననప్పుడు పరిహారంలో నష్టం, అంతకు మించి ప్రాణాపాయం సంభవించే అవకాశం కలదు.

హైదరాబాద్‌కు పడమట కర్ణాటక సరిహద్దు వరకు విస్తరించిన వికారాబాద్, తాండూరు ప్రాంతాలు చిరకాలంగా తూర్పు, పడమర ప్రాంతాలను కలిపే దారిలో ఉన్నవి. 1874లో ప్రారంభమైన సికింద్రాబాద్–వాడి రైలు మార్గం ఈ రెండు పట్టణాల మీదుగానే వెళ్లుచున్నది. నాపరాతి గనులు, సిమెంటు కర్మాగారాలు, కంది సాగు, కొత్తగా పెరుగుతున్న ప్లాట్ల క్రయవిక్రయాలు గల ఈ ప్రాంతంలో భూగర్భ పైప్‌లైన్లకు సంబంధించిన నిబంధనలను అందరూ తెలిసికొనవలసిన ఆవశ్యకత ఉన్నది.

తూర్పు–పడమర పైప్‌లైన్

కృష్ణా–గోదావరి బేసిన్‌లోని కేజీ–డీ6 క్షేత్రంలో 2002లో సహజవాయు నిక్షేపాలు కనుగొనబడినవి. 2009 ఏప్రిల్‌లో అక్కడ వాయువు ఉత్పత్తి ప్రారంభమైనది. ఆ వాయువును దేశంలోని ఇతర ప్రాంతాలకు చేరవేయుటకు రిలయన్స్ గ్యాస్ ట్రాన్స్‌పోర్టేషన్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ సంస్థ కాకినాడ–భరూచ్ పైప్‌లైన్‌ను నిర్మించినది. దీని ప్రధాన మార్గం పొడవు సుమారు 1,375 కిలోమీటర్లు. గొట్టం వ్యాసం 48 అంగుళాలు, అనగా సుమారు 1.2 మీటర్లు. రోజుకు సుమారు 8 కోట్ల ఘనపు మీటర్ల వాయువును చేరవేయగల సామర్థ్యంతో దీనిని రూపొందించారు. దూరం పెరిగిన కొద్దీ తగ్గే పీడనాన్ని తిరిగి పెంచుటకు మార్గమధ్యంలో కంప్రెసర్ స్టేషన్లు ఏర్పాటు చేయబడినవి. 2019లో ఈ పైప్‌లైన్ బ్రూక్‌ఫీల్డ్ సంస్థ ప్రాయోజకత్వంలోని ఇండియా ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ట్రస్టు యాజమాన్యంలోకి మారినది.

పైప్‌లైన్ ఎంత పెద్దదైనను అందులో ప్రవహించే వాయువు క్షేత్రంలోని ఉత్పత్తిపై ఆధారపడి ఉండును. 2010లో రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్ల స్థాయికి చేరిన కేజీ–డీ6 ఉత్పత్తి ఆ తరువాత వేగంగా క్షీణించినది. తొలి క్షేత్రాలైన డీ1, డీ3లలో 2020 ఫిబ్రవరిలో ఉత్పత్తి నిలిచిపోయినది. అదే సంవత్సరం డిసెంబరులో ఆర్–క్లస్టర్, 2021లో శాటిలైట్ క్లస్టర్, 2023లో ఎం.జె. క్షేత్రాలు ప్రారంభమగుటతో ఉత్పత్తి తిరిగి పుంజుకొన్నది.

రామగుండం అనుభవం

పైప్‌లైన్ వలన రాష్ట్రానికి కలిగే ప్రయోజనానికి రామగుండం ఎరువుల కర్మాగారం ప్రత్యక్ష నిదర్శనం. బొగ్గు ఆధారంగా నడచిన పాత కర్మాగారం 1999లో మూతపడినది. దాని స్థానంలో సహజవాయువు ఆధారంగా ఏటా 12.7 లక్షల టన్నుల యూరియా ఉత్పత్తి చేయగల కొత్త కర్మాగారాన్ని రామగుండం ఫెర్టిలైజర్స్ అండ్ కెమికల్స్ లిమిటెడ్ నెలకొల్పినది. పశ్చిమ గోదావరి జిల్లా కుంచనపల్లి నుండి రామగుండం వరకు వేయబడిన పైప్‌లైన్ ద్వారా దీనికి వాయువు అందుచున్నది. ఇది మల్లవరం–భోపాల్–భిల్వారా–విజయ్‌పూర్ పైప్‌లైన్ పథకంలో భాగం. ఆ పథకానికి 2011లో అనుమతి లభించినది. కర్మాగారంలో 2021 మార్చిలో వాణిజ్య ఉత్పత్తి ప్రారంభం కాగా, 2022 నవంబరు 12న ప్రధానమంత్రి దానిని జాతికి అంకితం చేశారు. యూరియా తయారీకి సహజవాయువు ఇంధనంగానే గాక ముడిపదార్థంగా కూడా ఉపయోగపడును. పైప్‌లైన్‌కు భూ వినియోగ హక్కు ఇచ్చిన రైతుకు ఆ వాయువు ఎరువు రూపంలో తిరిగి చేరుచున్నదని చెప్పవచ్చును.

పట్టణాలకు వాయువు చేరే విధానం

దూరప్రాంత పైప్‌లైన్ ఒక ఊరి పక్కగా వెళ్లినంత మాత్రాన ఆ ఊరి ఇండ్లకు గ్యాస్ అందదు. అధిక పీడనంతో ప్రవహించే వాయువును ముందుగా ట్యాప్–ఆఫ్ కేంద్రం వద్ద వేరుచేసి, నగర ద్వారం వద్ద గల సిటీ గేట్ స్టేషన్‌లో పీడనం తగ్గించి, కొలిచి, వాసన కలిపే రసాయనాన్ని చేర్చవలసి ఉండును. అక్కడి నుండి ఉక్కు గొట్టాల ద్వారా ముఖ్య వీధులకు, ఆపై పాలిథిలిన్ గొట్టాల ద్వారా ఇండ్లకు సరఫరా జరుగును. వాహనాలకు సీఎన్‌జీ కూడా ఈ వ్యవస్థ నుండే లభించును. హైదరాబాద్‌లో ఈ బాధ్యతను గెయిల్, హెచ్‌పీసీఎల్ సంస్థలు 2003లో సంయుక్తంగా ఏర్పాటు చేసిన భాగ్యనగర్ గ్యాస్ లిమిటెడ్ నిర్వహిస్తున్నది.

ఏ ప్రాంతంలో ఏ సంస్థ వాయువు పంపిణీ చేయవలెనో పెట్రోలియం, సహజవాయు నియంత్రణ మండలి నిర్ణయించును. 2006 నాటి చట్టం ప్రకారం ఈ మండలి ఏర్పడినది. కొన్ని జిల్లాలను కలిపి ఒక భౌగోళిక ప్రాంతంగా ప్రకటించి, బిడ్లు పిలిచి, అర్హత పొందిన సంస్థకు అనుమతి ఇచ్చుట మండలి అనుసరిస్తున్న విధానం. 2023 ఏప్రిల్ 1 నుండి పలు పైప్‌లైన్లకు ఏకీకృత రవాణా సుంకం అమలులోకి వచ్చినది. దీనివలన వాయు క్షేత్రాలకు దూరంగా ఉన్న ప్రాంతాలపై రవాణా ఖర్చు భారం కొంత తగ్గే వీలు కలిగినది.

తాండూరు ప్రాంతంలోని సిమెంటు బట్టీలు ప్రధానంగా బొగ్గుపై ఆధారపడి నడచునవి. నాపరాతి పాలిషింగ్ యూనిట్లు విద్యుత్తుతో నడచును. కావున వాయువు వచ్చిన వెంటనే ఈ పరిశ్రమలన్నియు ఇంధనం మార్చుకొనునని భావించరాదు. వాహనాలు, హోటళ్లు, వసతి గృహాలు, గృహ వినియోగం మొదట ప్రయోజనం పొందే రంగాలు.

భూ వినియోగ హక్కు: 1962 చట్టం

పైప్‌లైన్ల కొరకు భూమిలో వినియోగ హక్కు పొందుటకు పార్లమెంటు 1962లో పెట్రోలియం పైప్‌లైన్ల చట్టాన్ని ఆమోదించినది. 1977లో దీనిని ఖనిజాల పైప్‌లైన్లకు కూడా వర్తింపజేశారు. ‘పెట్రోలియం, ఖనిజాల పైప్‌లైన్ల (భూ వినియోగ హక్కు సేకరణ) చట్టం’గా ఇది అమలులో ఉన్నది. చట్టం ప్రకారం ప్రక్రియ ఈ క్రింది విధంగా సాగును.

1. ప్రాథమిక ప్రకటన: వినియోగ హక్కు పొందదలచినట్లు కేంద్ర ప్రభుత్వం 3వ సెక్షన్ క్రింద గెజిట్‌లో ప్రకటించును. అందులో గ్రామం, సర్వే నంబరు, విస్తీర్ణం పేర్కొనబడును. ఏ పైప్‌లైన్ ఎవరి పొలం గుండా వెళ్లునో తెలిసికొనుటకు ఈ గెజిట్ ప్రకటనే ప్రామాణికం. నోటిమాటగా వినవచ్చే మార్గాలను, అనధికార పటాలను ఆధారంగా తీసుకొనరాదు.

2. అభ్యంతరాలు: ప్రకటన ప్రతులు ప్రజలకు అందుబాటులోకి వచ్చిన తేదీ నుండి 21 రోజులలోగా, భూమిలో ప్రయోజనం గల వారు కాంపిటెంట్ అథారిటీకి లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలుపవచ్చును. స్వయంగా గాని, న్యాయవాది ద్వారా గాని తమ వాదన వినిపించుకొనే హక్కు వారికి కలదు.

3. తుది ప్రకటన: అభ్యంతరాల పరిశీలన అనంతరం 6వ సెక్షన్ క్రింద తుది ప్రకటన వెలువడును. ప్రాథమిక ప్రకటన తేదీ నుండి ఒక సంవత్సరంలోగా తుది ప్రకటన రానిచో ప్రాథమిక ప్రకటన చెల్లదు.

4. పైప్‌లైన్ వేయుట: ప్రాథమిక ప్రకటనకు ముందు నివాసానికి వినియోగించబడిన స్థలం, శాశ్వత కట్టడం ఉన్న స్థలం, ఇంటికి చేరి ఉన్న ఆవరణ క్రింద పైప్‌లైన్ వేయరాదు. భూ ఉపరితలం నుండి ఒక మీటరు కంటే తక్కువ లోతులో కూడా వేయరాదు.

రైతు చేయదగినవి, చేయరానివి

9వ సెక్షన్ ప్రకారం, ప్రకటనకు ముందు భూమిని ఏ అవసరానికి వాడుచుండిరో అదే అవసరానికి తరువాత కూడా వాడుకొనవచ్చును. కంది, పత్తి, మొక్కజొన్న, జొన్న, కూరగాయల సాగుకు ఆటంకం లేదు. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిని వినియోగ హక్కు గల పట్టీపై యథావిధిగా పండించుకొనవచ్చును.

ఆ పట్టీలో మూడు పనులు నిషేధించబడినవి: భవనం గాని, ఇతర కట్టడం గాని నిర్మించుట, చెరువు, బావి, జలాశయం, ఆనకట్ట నిర్మించుట లేదా త్రవ్వుట, చెట్లు నాటుట. కావున మామిడి తోటలు పెట్టుట, వ్యవసాయ నీటికుంటలు త్రవ్వుట, బోరు వేయుట, కోళ్ల షెడ్డు కట్టుట ఆ పట్టీ వెలుపలనే జరుగవలెను. పట్టీ వెడల్పు సాధారణంగా 20 నుండి 30 మీటర్ల వరకు ఉండును. ఖచ్చితమైన విస్తీర్ణాన్ని గెజిట్ ప్రకటన నుండి తెలిసికొనవలెను.

నష్టపరిహారం

10వ సెక్షన్ రెండు విధాల చెల్లింపులను నిర్దేశించుచున్నది.

మొదటిది నష్టానికి పరిహారం. కోతకు రాని పైరు, తొలగించిన చెట్లు, తాత్కాలికంగా పొలం రెండుగా విడిపోవుట, ఇతర ఆస్తికి కలిగిన హాని దీని క్రిందికి వచ్చును. ఇది ఒక్కసారితో ముగిసేది కాదు. కొన్ని సంవత్సరాల తరువాత తనిఖీకో, మరమ్మతుకో పొలంలో ప్రవేశించి పైరుకు నష్టం కలిగించినను మరల పరిహారం చెల్లించవలసినదే. భూమిలో ప్రయోజనం గల ఏ వ్యక్తికైనను నష్టపరిహారం వర్తించును గనుక పైరు వేసిన కౌలుదారు కూడా తన నష్టాన్ని నమోదు చేయించుకొనవలెను.

రెండవది వినియోగ హక్కుకు చెల్లింపు. ప్రాథమిక ప్రకటన తేదీ నాటి భూమి మార్కెట్ విలువలో 10 శాతం దీని క్రింద చెల్లించబడును. ఉదాహరణకు ఒక పొలం మీదుగా 30 మీటర్ల వెడల్పు, 100 మీటర్ల పొడవు గల పట్టీ వెళ్లినదనుకొనినచో దాని విస్తీర్ణం 3,000 చదరపు మీటర్లు, అనగా సుమారు 29½ గుంటలు. ఎకరా మార్కెట్ విలువ 20 లక్షల రూపాయలుగా నిర్ణయమైనచో ఆ పట్టీ విలువ సుమారు 14 లక్షల 80 వేల రూపాయలు. రైతుకు వినియోగ హక్కు క్రింద సుమారు 1 లక్షా 48 వేల రూపాయలు లభించును. పైరు నష్టం దీనికి అదనం. మార్కెట్ విలువ ఎంతగా నిర్ణయమగునన్నదే ఈ లెక్కలో కీలకాంశం.

కాంపిటెంట్ అథారిటీ నిర్ణయించిన మొత్తం సమ్మతం కానిచో జిల్లా జడ్జిని ఆశ్రయించవచ్చును. ఈ చట్టం చెల్లుబాటును 2016లో సుప్రీంకోర్టు సమర్థించినది. అదే తీర్పులో కాంపిటెంట్ అథారిటీగా నియమించబడే వ్యక్తికి న్యాయపరమైన అనుభవం ఉండవలసిన ఆవశ్యకతను కూడా స్పష్టం చేసినది.

ఆంక్షలు శాశ్వతమైనవి కాగా చెల్లింపు ఒకేసారి 10 శాతానికి పరిమితమగుట న్యాయం కాదన్నది రైతుల ముఖ్య అభ్యంతరం. పట్టణాలకు చేరువలో ఉన్న భూమి రేపు ప్లాట్లుగా మారవచ్చును. అటువంటి భూమికి సాగు విలువను మాత్రమే లెక్కించినచో నష్టం ఎక్కువగా ఉండును. విద్యుత్ ప్రసార లైన్ల విషయంలో కేంద్ర ప్రభుత్వం 2024 జూన్‌లో మార్గదర్శకాలను సవరించి, తీగల క్రింది భూమికి విలువలో 30 శాతం వరకు, టవరు పునాది స్థలానికి 200 శాతం చెల్లింపును సూచించినది. పైప్‌లైన్ల చట్టంలోని 10 శాతాన్ని పునఃపరిశీలించవలెనన్న వాదనకు ఈ సవరణ బలం చేకూర్చుచున్నది. దేశానికి అవసరమైన మార్గాలకు అడుగడుగునా భూమి ధర చెల్లించవలసి వచ్చినచో ఆ భారం తుదకు వాయువు వినియోగదారునిపైనే పడునన్నది రెండవ పక్షం వాదన.

నగరం దుర్ఘటన నేర్పిన పాఠం

సహజవాయువులో ప్రధానభాగం మీథేన్. ఇది గాలి కంటే తేలికైనది. ఆరుబయట లీకైనచో పైకి వ్యాపించి పలుచబడును. అయితే ఒకచోట చేరి గాలిలో 5 నుండి 15 శాతం వరకు కలిసినప్పుడు చిన్న నిప్పురవ్వ కూడా మంటకు కారణమగును.

2014 జూన్ 27 తెల్లవారుజామున అప్పటి తూర్పుగోదావరి జిల్లా మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ సంస్థకు చెందిన పైప్‌లైన్ పగిలి మంటలు చెలరేగినవి. ఈ దుర్ఘటనలో 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయిరి. ఇండ్లు, దుకాణాలు, కొబ్బరి తోటలు దగ్ధమైనవి. తేమ, ద్రవ పదార్థాలు చేరిన వాయువు ప్రవహించుట వలన గొట్టం లోపల తుప్పు ఏర్పడినట్లు విచారణలో వెల్లడైనది. ఈ గ్రామం ప్రస్తుతం డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లాలో ఉన్నది.

ఉక్కు గొట్టాలకు పైపూత, తుప్పును నివారించే విద్యుత్ రక్షణ, లోపలి నుండి గోడల మందాన్ని కొలిచే ‘పిగ్’ పరికరాల తనిఖీ, పీడనంలో మార్పులను క్షణక్షణం గమనించే కంట్రోల్ రూము, ప్రమాద సమయంలో మార్గాన్ని విడివిడి భాగాలుగా మూసివేసే వాల్వులు, కాలినడకన గస్తీ తిరిగే సిబ్బంది పైప్‌లైన్ భద్రతలో ముఖ్యమైన ఏర్పాట్లు. నియంత్రణ మండలి 2009లో సాంకేతిక, భద్రతా ప్రమాణాలపై నిబంధనలు జారీ చేసినది. వీటిని పాటించవలసిన బాధ్యత పైప్‌లైన్ సంస్థలదే.

తాండూరు, వికారాబాద్ ప్రాంతాలలో ప్రత్యేక జాగ్రత్తలు

తుప్పుతో పాటు ఇతరుల త్రవ్వకాలు కూడా పైప్‌లైన్లకు పెద్ద ముప్పు. నాపరాతి గనులు విస్తారంగా ఉన్న తాండూరు ప్రాంతంలో ఈ అంశం మరింత ముఖ్యం. గనిలో పేలుళ్ల ప్రకంపనలు, భారీ యంత్రాల రాకపోకలు, గని అంచు క్రమంగా పట్టీ వైపు జరుగుట గొట్టానికి హాని కలిగించవచ్చును. లీజు మంజూరు, పునరుద్ధరణ సమయాలలో గెజిట్ ప్రకటనలలోని సర్వే నంబర్లను సరిచూచుట అవసరం.

ఉపాధి హామీ పథకం క్రింద నీటికుంటలు, త్రాగునీటి గొట్టాల మార్గాలు, రోడ్ల విస్తరణ, కేబుల్ పనులు చేపట్టే శాఖలు ముందుగా పైప్‌లైన్ సంస్థకు తెలియజేయవలెను. త్రవ్వకాలకు ముందు సమాచారం ఇచ్చుటకు కేంద్ర ప్రభుత్వం 2023 మార్చిలో ‘కాల్ బిఫోర్ యు డిగ్’ మొబైల్ యాప్‌ను ప్రారంభించినది. జేసీబీ యజమానులు, బోరు లారీల నిర్వాహకులు కూడా దీనిని వినియోగించుకొనవచ్చును.

2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రంగా మారిన వికారాబాద్ పరిసరాలలో ఫాంహౌస్‌లు, ప్లాట్ల కొనుగోళ్లు పెరిగినవి. పట్టాదారు పాసుపుస్తకంలో రైతు పేరు ఉన్నందున భూమిపై ఏ ఆంక్షలూ లేవని కొనుగోలుదారు భావించే ప్రమాదం కలదు. భూమి చేతులు మారినను వినియోగ హక్కు కొనసాగును. కొనుగోలుదారులు సర్వే నంబరు ఆధారంగా గెజిట్‌ను, తహశీల్దార్ కార్యాలయ రికార్డులను పరిశీలించి, పొలంలో పైప్‌లైన్ గుర్తు స్తంభాలు ఉన్నవేమో స్వయంగా చూచుకొనవలెను. లేఅవుట్ అనుమతులిచ్చే అధికారులు ఈ పట్టీని ఖాళీ స్థలంగా చూపినారో లేదో నిర్ధారించుకొనవలెను.

లీకు అనుమానం కలిగినప్పుడు

నేల నుండి బుసలు కొట్టినట్లు శబ్దం వచ్చుట, దుమ్ము పైకి లేచుట, నీటిలో బుడగలు వచ్చుట, చుట్టూ పచ్చగా ఉండగా ఒక పట్టీలోనే పైరు ఎండిపోవుట లీకుకు సూచనలు కావచ్చును. దూరప్రాంత పైప్‌లైన్లలోని వాయువుకు వంటగ్యాసు వలె వాసన ఉండకపోవచ్చును. కావున వాసన లేదన్న ధీమా పనికిరాదు.

అటువంటి సందర్భంలో బీడీ, సిగరెట్, అగ్గిపుల్ల వెలిగించరాదు. ట్రాక్టరు, మోటారు, మోటారు సైకిల్ స్టార్ట్ చేయరాదు. ఆ ప్రదేశంలో సెల్‌ఫోన్ వాడరాదు. గాలి వీచే దిశకు ఎదురుగా దూరం వెళ్లి, గుర్తు స్తంభంపై ఉన్న నంబరుకు, 112 లేదా అగ్నిమాపక శాఖ 101 నంబరుకు తెలియజేయవలెను. మంట వచ్చినచో గ్రామస్థులు దానిని ఆర్పుటకు గాని, వాల్వులను తిప్పుటకు గాని ప్రయత్నించరాదు.

గ్రామస్థాయి అధికారులు గమనించవలసిన అంశాలు

ప్రాథమిక ప్రకటన వెలువడిన వెంటనే దాని సారాంశాన్ని తెలుగులో గ్రామపంచాయతీ కార్యాలయం వద్ద ప్రదర్శించి, దండోరా వేయించినచో 21 రోజుల గడువు రైతుకు నిజంగా ఉపయోగపడును. పైరు నష్టం పంచనామా రైతు సమక్షంలో జరిపి, పైరు పేరు, దశ, చెట్ల సంఖ్య, వయస్సు స్పష్టంగా వ్రాసి, ఒక ప్రతిని రైతుకు ఇవ్వవలెను. పనుల అనంతరం పై మట్టిని తిరిగి పైనే పరచినారా, గట్లు, కాలువలు పూర్వస్థితికి వచ్చినవా అన్నది తనిఖీ చేయవలెను. తాండూరు ప్రాంతంలో పలుచని మట్టి పొర క్రింద రాయి తగిలే పొలాలు ఉన్నవి. అట్టి చోట రాతిముక్కలు పైకి వచ్చి మట్టి లోపలికి పోయినచో రైతు కొన్ని పంటకాలాలు నష్టపోవును.

పైప్‌లైన్ భూమి లోపల ఉండును గనుక కాలక్రమంలో దానిని మరచిపోవుట సహజం. గొట్టం వేసిన నాటి రైతు, తహశీల్దార్, ఇంజనీరు మారిపోవుదురు. గొట్టం మాత్రం దశాబ్దాల పాటు అదే చోట ఉండును. గ్రామ రికార్డులలో దాని మార్గం స్పష్టంగా నమోదై ఉన్నప్పుడే తరువాతి తరం రైతుకు, అధికారికి ఆ సంగతి తెలియును.